ఎందుకు చదువుతావన్న ప్రశ్న

అమెరికా విశ్వవిద్యాలయాలు ఎం.ఎస్. దరఖాస్తుతో పాటు 'స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్' అడుగుతాయి. ఏమి చదవదలచుకున్నావు, ఎందుకు చదవదలచుకున్నావు అన్నది ఒకటి రెండు పుటల్లో రాసి పంపాలి. మా హసన్‌పర్తిలో ఆ కాగితానికి చిన్నదే అయినా ఒక చరిత్ర ఉంది.

ఆ ప్రశ్న మన పెద్దలకు ఎదురుకాలేదు. 1896లో మీర్ అహ్మద్ అలీ నిజాం ప్రభుత్వ ఉపకార వేతనంతో ఇంగ్లండులోని కూపర్స్ హిల్ కళాశాలకు వెళ్ళాడు. తిరిగి వచ్చి రాజ్యపు కొలువులో చేరాడు. నవాబ్ అలీ నవాజ్ జంగ్‌గా పేరుపొంది, 1923-31 మధ్య మంజీర మీద నిజాంసాగర్ కట్టించాడు. ఆయన చదువుకు ప్రయోజనాన్ని నిర్ణయించింది రాజ్యం. 1959 అక్టోబరు 10న వరంగల్లులో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలకు నెహ్రూ శంకుస్థాపన చేసినప్పుడు ఆ నిర్ణయం పంచవర్ష ప్రణాళికది. ప్రాజెక్టులకూ కర్మాగారాలకూ ఇంజనీర్లు కావాలి, అంతే.

తరువాత రెండు మార్పులు వచ్చాయి. 1965 నాటి చట్టం అమెరికాలో దేశాలవారీ కోటాలను తొలగించి, చదువుకోబోయినవారు అక్కడే స్థిరపడే దారిని వెడల్పు చేసింది. ఇక్కడ మా మండలంలోనే 1980లో ఎర్రగట్టు గుట్ట వద్ద కాకతీయ ఇన్‌స్టిట్యూట్, 2002లో అనంతసాగర్‌లో ఎస్.ఆర్. ఇంజనీరింగ్ కళాశాల వెలిశాయి. రైతుబిడ్డకు ఇంజనీరింగ్ నడిచిపోయేంత దూరానికి వచ్చింది. అయితే అప్పట్లో సీటునూ, బ్రాంచినీ నిర్ణయించింది ఎంసెట్ ర్యాంకు. "నీకేది ఇష్టం?" అని అడిగిన వారెవరూ లేరు. ఇరవై ఒకటో ఏట, ఎక్కడో ఖండాంతరంలో ఉన్న ఆచార్యుడు మొదటిసారిగా అడిగేసరికి మావద్ద జవాబు లేకపోయింది.

నేనూ ఆ కోవలోని వాడినే. ఒక సీనియర్ అన్న ఫ్లాపీలో ఇచ్చిన పత్రంలో పేరూ, మార్కులూ మార్చాను. 'బాల్యం నుండి యంత్రాలంటే మక్కువ' అని అందులో ఉంది. నాన్న "ఏం రాసినవో తెలుగుల చెప్పు" అన్నాడు. చెప్పాను. అంతా విని, "దీంట్ల నువ్వేడున్నవు బిడ్డా?" అన్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ప్రతి వేసవిలో మా బావి మోటారు కాలిపోయేది. దాన్ని బండి మీద వేసుకుని రీవైండింగుకు తీసుకుపోవడం, అప్పు చేయడం, ఆలోగా వరి ఎండిపోవడం నేను చూసినవే. వోల్టేజీ పడిపోతే మోటారు అదే నీటిని తోడడానికి ఎక్కువ కరెంటు లాగుతుంది. తీగ వేడెక్కి పైపూత మాడిపోతుంది. ఈ కారణం నాకు మూడవ సంవత్సరం పాఠంలో తెలిసింది. పాఠానికీ మా బావికీ సంబంధం ఉందని మాత్రం నాన్న అడిగినాకనే తోచింది. పాత పత్రాన్ని చించి, పల్లె విద్యుత్ లైన్లలో వోల్టేజీని నిలబెట్టే విషయం చదవాలనుకుంటున్నానని నా వచ్చీరాని ఇంగ్లీషులో రాశాను. సీటు వచ్చింది, ఆ పత్రం వల్లనేనని చెప్పలేను.

నేడు ఫ్లాపీలు లేవు. అడిగిన క్షణంలో యంత్రమే అందమైన ఇంగ్లీషులో రాసిపెడుతున్నది. ఊరి పిల్లలు ఎప్పుడైనా తమ పత్రాలను నాకు చూపిస్తారు. భాష దిద్దవలసిన పని ఇప్పుడు అంతగా లేదు. ముందుగా తెలుగులో చెప్పమంటాను. తరువాత నాన్న నన్నడిగిన ప్రశ్ననే వాళ్ళనూ అడుగుతాను.