నమాకురా గతనా

'నమాకురా గతనా' (మొద్దుబారిన కత్తి) 1917 జూన్ 30న విడుదలైన జపాను మూకీ యానిమేషన్ హాస్య లఘుచిత్రం. జునిచి కోవుచి అనే చిత్రకారుడు దీనిని కొబయాషి షోకై సంస్థ కొరకు రూపొందించాడు. నిడివి సుమారు నాలుగు నిమిషాలు. జపాను సినిమాహాళ్ళలో ప్రదర్శింపబడిన యానిమేషన్ చిత్రాలలో నేడు లభ్యమగుచున్న వాటిలో ఇది అత్యంత ప్రాచీనమైనదిగా పరిగణింపబడుతున్నది. దాదాపు తొంభై ఏళ్ళపాటు ఇది కూడా నశించినదనే భావించారు.

కథ

తెలివితక్కువ సమురాయి ఒకడు ఒక కత్తి కొంటాడు. దాని పదును పరీక్షింపదలచి దారిన పోయేవారిపై దూస్తాడు. మొదట ఎదురైనవాడు ఒళ్ళు పట్టి జీవించే ఒక అంధుడు. అతడు సమురాయిని ఒక్క తన్నుతో పడగొడతాడు. తరువాత పరుగున వచ్చిన వార్తాహరుని చేతిలోనూ సమురాయికి అదే గతి పడుతుంది. కత్తి కంటె దానిని పట్టినవాడే మొద్దు అన్నది ఇందులోని హాస్యం. మాటలు లేకపోయినా నేటి ప్రేక్షకుడికి కూడా ఇది సులభంగా బోధపడుతుంది.

నేపథ్యం

1917లో ముగ్గురు చిత్రకారులు మూడు వేర్వేరు సంస్థల కొరకు యానిమేషన్ చిత్రాలు తీశారు. వారు ఒతెన్ షిమొకవా, సెయితరో కితయామా, కోవుచి. వీరిలో షిమొకవా ఆ ఏడాది తీసిన చిత్రాలేవీ లభ్యం కాలేదు. ప్రదర్శన ముగిసిన ప్రతులను భద్రపరచే అలవాటు ఆనాడు లేదు. పైగా నైట్రేట్ ఫిల్ము త్వరగా పాడవుతుంది, సులభంగా అంటుకుంటుంది. 1923 నాటి కాంతో భూకంపంలోను, యుద్ధకాలపు బాంబుదాడులలోను అనేక చిత్రాలు బూడిదయ్యాయి.

అయితే కొన్ని చిత్రాలకు మరొక దారి దొరికింది. హాళ్ళలో ఆడిన ప్రతులను చిన్న ముక్కలుగా కత్తిరించి, చేతితో తిప్పే బొమ్మ ప్రొజెక్టర్లలో వేసుకొనుటకు పిల్లల కొరకు అమ్మేవారు. ఇళ్ళలోని పాత పెట్టెలలో మిగిలిన ఇట్టి ముక్కలు క్రమంగా పాతసామాను అంగళ్ళకు చేరాయి. సేకరణకర్తలు అటువంటి అంగళ్ళను గాలించడానికి కారణం ఇదే. పేరు, ఆరంభ దృశ్యం లేని చుట్టను చూచి అది ఏ చిత్రమో గుర్తించడం వారికి పెద్ద పరీక్ష.

పునర్లభ్యం

సినీ చరిత్ర పరిశోధకుడు, సేకరణకర్త నత్సుకి మత్సుమొతోకు ఒసాకాలో పాత వస్తువుల మధ్య ఈ చిత్రం ప్రతి దొరికింది. ఈ విషయం 2008లో ప్రకటింపబడింది. ఆ ఏడాదే తోక్యోలోని జాతీయ ఫిల్ము కేంద్రం దీనిని ప్రదర్శించింది. అంతకు ముందు క్యోతోలో బయటపడిన 'కత్సుదో షషిన్' అనే యాభై ఫ్రేముల ముక్కను 2005లో వెలుగులోకి తెచ్చినవాడు కూడా ఈయనే. ఆ ముక్క నిడివి మూడు సెకన్లు మాత్రమే. దాని కర్త ఎవరో తెలియలేదు.

అటుపిమ్మట లభించిన మరొక ప్రతిలోని భాగాలను కలిపి 'నమాకురా గతనా'కు మరింత నిడివిగల రూపాన్ని సిద్ధం చేశారు. జపాను యానిమేషన్ శతాబ్ది సందర్భంగా 2017లో జాతీయ ఫిల్ము కేంద్రం దీనిని అంతర్జాలంలో ఉచితంగా అందుబాటులో ఉంచింది.