కార్లిన్ చేతుల మీదుగా

నొయిడా దగ్గర బుద్ధ్ సర్క్యూట్‌లో 2011, 2012, 2013లో ఫార్ములా వన్ రేసు మూడుసార్లు జరిగింది. మూడుసార్లూ సెబాస్టియన్ వెటెలే గెలిచాడు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన విద్యుత్ కార్ల ఫార్ములా ఈ రేసులో మొదట వచ్చినవాడు జాన్ ఎరిక్ వెర్న్. వీళ్ళందరికన్నా ముందు, 2005లో, ఫార్ములా వన్‌లోకి అడుగుపెట్టిన తొలి భారతీయుడు నరైన్ కార్తికేయన్. ఒకడు జర్మన్, ఒకడు ఫ్రెంచివాడు, ఒకడు కోయంబత్తూరు కుర్రాడు. పెద్ద పేరు రాకముందు ఈ ముగ్గురూ ఒకే టీము కార్లు నడిపారు. ఆ టీము కార్లిన్. ఇంగ్లండ్‌లో నేను స్థిరపడిన సర్రే కౌంటీలోనే, ఫార్నమ్ అనే పట్నంలో దాని కార్ఖానా ఉంది.

రేసు అనగానే మన కళ్ళు కారు మీద, అది నడిపేవాడి మీద పడతాయి. పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి కారు అప్పగించి, వాడి తప్పులు దిద్ది, పై మెట్టు ఎక్కించి పంపే ఇలాంటి చిన్న టీములు మనకు కనబడవు. ఇంగ్లండ్‌ను రేసింగ్ దేశంగా నిలబెట్టింది ఇవేనని నా నమ్మకం. ఇవి ఎలా పుట్టాయో చెప్పాలంటే రెండో ప్రపంచ యుద్ధం దగ్గర మొదలుపెట్టాలి.

కారు రేసుల కోసమే కట్టిన ప్రపంచపు తొలి సర్క్యూట్ బ్రూక్‌లాండ్స్ ఈ సర్రేలోనే 1907లో తెరిచారు. 1939లో యుద్ధం రావడంతో రేసులు ఆగిపోయాయి. ఆ స్థలమంతా విమానాల తయారీకి పోయింది, మళ్ళీ రేసులకు తిరిగి రాలేదు. యుద్ధం ముగిసేనాటికి దేశం చేతిలో డబ్బు లేదు, పెట్రోలుకు రేషను. అయితే బాంబర్ విమానాల కోసం వేసిన రన్‌వేలు మాత్రం పొలాల మధ్య పాడుపడి ఉన్నాయి. సిల్వర్‌స్టోన్ అలాంటిదే. 1943లో తెరిచిన ఆ స్థావరంలో వెల్లింగ్టన్ బాంబర్లు నడపడం నేర్పేవాళ్ళు. 1947లో కొందరు మిత్రులు అనుమతి లేకుండానే అక్కడ రేసు పెట్టుకుంటే, కారు కింద ఒక గొర్రె పడి చచ్చిపోయింది. ఇప్పటికీ ఇక్కడివాళ్ళు దాన్ని మటన్ గ్రాన్ ప్రీ అనే పిలుస్తారు. మరుసటి ఏడాది అక్టోబరులో అదే చోట నిజమైన గ్రాన్ ప్రీ జరిగింది. 1950 మే 13న ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్‌షిప్ తొలి రేసు కూడా అక్కడే, రాజు ఆరో జార్జి ఎదుట. స్నెటర్టన్, త్రక్స్‌టన్, గుడ్‌వుడ్, కాజిల్ కూంబ్, అన్నీ ఇలా విమానాలు వదిలేసి వెళ్ళిన చోట్లే.

చోటు దొరికింది, ఇక చవకైన కారు కావాలి. సర్బిటన్‌లో చార్లెస్ కూపర్, అతని కొడుకు జాన్ కలిసి 1946లో ఒక చిన్న కారు కట్టారు. ఫియట్ టోపోలినో కార్ల ముందు భాగాలు కోసి తెచ్చి అతికించారు. మోటార్‌సైకిల్‌కి వాడే 500 సీసీ జాప్ ఇంజను వేశారు. చైను నేరుగా వెనక చక్రాలను తిప్పాలి కనుక ఇంజనును డ్రైవరు వెనక పెట్టారు. ఖర్చు తగ్గించుకోవడానికి చేసిన ఈ ఏర్పాటే పదమూడేళ్ళ తర్వాత ఫార్ములా వన్‌ను తలకిందులు చేసింది: 1959, 1960లో జాక్ బ్రాబమ్ ప్రపంచ విజేత అయింది ఇంజను వెనకున్న కూపర్ కారుతోనే. ఆ 500 సీసీ కార్ల పోటీకి 1950లో అంతర్జాతీయ గుర్తింపు ఇచ్చి ఫార్ములా త్రీ అన్నారు. కుర్రాళ్ళు పైకెక్కే నిచ్చెనకు తొలి మెట్టు అది. స్టిర్లింగ్ మాస్ 1948లో అలాంటి కూపర్‌తోనే మొదలుపెట్టాడు.

కెన్ టిరెల్ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. కలప వ్యాపారి. తానూ కొన్నాళ్ళు ఆ చిన్న కార్లు నడిపి, తనలో అంత వేగం లేదని తెలుసుకుని, వేగం ఉన్నవాళ్ళకు కార్లు సిద్ధం చేసి ఇవ్వడం మొదలుపెట్టాడు. ఆకమ్‌లో అతని కలప అడితిలోని షెడ్డే టీము కార్ఖానా. 1964లో జాకీ స్టూవర్ట్ అనే స్కాట్లాండ్ కుర్రాణ్ని గుడ్‌వుడ్‌కి పిలిపించి ఫార్ములా త్రీ కూపర్ ఇచ్చాడు. అదే కారును అప్పటికే ఫార్ములా వన్ రేసులు గెలిచిన బ్రూస్ మెక్‌లారెన్ నడిపాడు. కుర్రాడు అతన్ని మించాడు. ఆ ఏడు బ్రిటిష్ ఫార్ములా త్రీ గెలిచాడు. అదే టిరెల్ చెయ్యి పట్టుకుని 1969, 1971, 1973లో ప్రపంచ విజేత అయ్యాడు. తర్వాత స్టూవర్ట్ కుటుంబం తానూ జూనియర్ టీము పెట్టింది. 2000లో నరైన్ కార్తికేయన్ నడిపింది వాళ్ళ కారే. నేర్చుకున్నవాడు మరొకరికి నేర్పే వ్యవస్థ ఇక్కడ ఇలా తరాలుగా నడుస్తోంది.

ఈ వరసలోకి 1996లో ట్రెవర్ కార్లిన్, మార్టిన్ స్టోన్ వచ్చారు. వాళ్ళు కారు తయారు చెయ్యలేదు. అప్పటికి ఫార్ములా త్రీలో దాదాపు అందరి కారూ ఒకటే, ఇటలీలోని డలారా సంస్థది. ఇంజను రెండు లీటర్లది, నియమం ప్రకారం గాలి రాకను బిగించి అందరికీ ఇంచుమించు ఒకే శక్తి వచ్చేలా చేసేవాళ్ళు. తేడా అంతా పనితనంలో ఉంటుంది. స్ప్రింగు ఎంత గట్టిగా ఉండాలి, రెక్క ఎంత వంచాలి, టైర్లో గాలి ఎంత అన్నది మెకానిక్‌లు, ఇంజనీర్లు తేలుస్తారు. ప్రాక్టీసు అయిన వెంటనే కుర్రాణ్ని కంప్యూటర్ ముందు కూచోబెట్టి, పక్క కారు కుర్రాడి వేగపు గీత మీద వీడి గీత పెట్టి చూపిస్తారు: ఫలానా మలుపులో వాడికన్నా పది మీటర్లు ముందే బ్రేకు తొక్కావు, ఎందుకు? ఒకే టీములో ఇద్దరు ముగ్గురు మంచి కుర్రాళ్ళుంటే ఒకరి గుట్టు ఇంకొకరికి పాఠం.

నరైన్ 1998 సీజను మధ్యలో ఈ టీములో చేరాడు. 1999లో బ్రాండ్స్ హాచ్‌లో రెండు రేసులు గెలిచి, బ్రిటిష్ ఫార్ములా త్రీ చాంపియన్‌షిప్‌లో ఆరో స్థానంలో నిలిచాడు. కార్లిన్ ఇంకా పేరులేని టీముగా ఉన్న రోజుల్లో దానికి విజయాలు తెచ్చిపెట్టినవాడు మన దక్షిణాది కుర్రాడని ఇక్కడ ఎవరికైనా చెప్పేటప్పుడు నాకు గర్వంగా ఉంటుంది. 2005లో నరైన్ జోర్డన్ టీముతో ఫార్ములా వన్‌లో దిగినప్పుడు, ఆ టీము స్పోర్టింగ్ డైరెక్టరుగా ట్రెవర్ కార్లినే ఉన్నాడు.

ఆ తర్వాత వరుస కట్టింది. 2001లో టకుమా సాటో పన్నెండు రేసులు గెలిచి బ్రిటిష్ ఫార్ములా త్రీ విజేత. రెండో స్థానం ఆంథొనీ డేవిడ్‌సన్‌ది, అతనూ కార్లిన్ కుర్రాడే. సాటో ఇరవై ఏళ్ళు వచ్చేదాకా సైకిల్ పోటీల్లో ఉన్నవాడు. అంత ఆలస్యంగా మొదలుపెట్టి, పరాయి దేశంలో పరాయి భాషలో నేర్చుకుని, 2017, 2020లో ఇండియానాపొలిస్ 500 రేసు రెండుసార్లు గెలిచాడు. 2003 విజేత అలన్ వాన్ డెర్ మెర్వ ఫార్ములా వన్‌లో రేసు చెయ్యలేకపోయాడు. కానీ ఏళ్ళ తరబడి ఆ రేసుల్లో డాక్టర్లను తీసుకెళ్ళే మెడికల్ కారు నడిపింది అతనే.

2008లో హైమె అల్గెర్సువారి, 2009లో డానియెల్ రికార్డో, 2010లో జాన్ ఎరిక్ వెర్న్: మూడేళ్ళు వరుసగా బ్రిటిష్ ఫార్ములా త్రీ టైటిల్ కార్లిన్‌దే, ముగ్గురి ఖర్చూ రెడ్‌బుల్‌ది. అల్గెర్సువారి పందొమ్మిదేళ్ళకే ఫార్ములా వన్‌లో టోరో రోసో టీముకు ఎక్కాడు. అప్పటికి ఆ స్థాయిలో రేసు చేసినవాళ్ళలో అతనే అందరికన్నా చిన్నవాడు. రెండున్నరేళ్ళు గడిచాక అతన్నీ, తోటి డ్రైవర్నీ తీసేసి ఆ సీట్లు రికార్డోకీ, వెర్న్‌కీ ఇచ్చారు. అల్గెర్సువారి పాతికేళ్ళకే రేసింగ్ వదిలి సంగీతంలోకి వెళ్ళిపోయాడు. ఈ లోకం ఎంత కర్కశమో తెలియాలంటే ఈ ఒక్క కథ చాలు. హుస్సేన్ సాగర్ దగ్గర మనవాళ్ళు చప్పట్లు కొట్టిన వెర్న్ కూడా మూడేళ్ళకు ఆ సీటు పోగొట్టుకుని, ఫార్ములా ఈలో మళ్ళీ నిలదొక్కుకున్నవాడే.

డబ్బు సంగతీ దాచకూడదు. జూనియర్ టీము ప్రధానంగా డ్రైవర్లు కట్టే సొమ్ముతో నడుస్తుంది. ఏడాది సీటుకు లక్షల పౌండ్లు. సంపన్నుడైన తండ్రో, పెద్ద కంపెనీయో వెనక ఉండాలి. నరైన్ వెనక టాటాలు నిలిచారు. మన ఊళ్ళలో ఐఐటీ కోచింగ్ సెంటర్లు ఫీజు కట్టిన పిల్లలతో నడుస్తూ ర్యాంకులతో పేరు తెచ్చుకుంటాయి కదా, కార్లిన్ బతుకూ అంతే. పేరుంటేనే మంచి కుర్రాళ్ళు వస్తారు, వాళ్ళు వస్తేనే పేరు నిలుస్తుంది. ఎంత తెలివున్నా బీదవాడి బిడ్డకు ఈ తలుపు తెరుచుకోవడం కష్టం. ఈ ఆట మీద నాకెంత ప్రేమ ఉన్నా ఈ అన్యాయం మాత్రం మింగుడు పడదు.

అయినా కార్లిన్‌ను నేను గౌరవించడానికి ఒక కారణం ఉంది. 2017 ఏప్రిల్‌లో డానింగ్టన్ పార్కులో ఫార్ములా ఫోర్ రేసు జరుగుతోంది. బిల్లీ మాంగర్‌కి పదిహేడేళ్ళు, వేరే టీములో ఉన్నాడు. ట్రాక్ మీద ఆగిపోయిన కారును గుద్దుకున్నాడు. రెండు కాళ్ళూ తీసెయ్యాల్సి వచ్చింది. ఏడాది తిరక్కుండానే 2018 మార్చి ఆఖరులో అతను కార్లిన్ వాళ్ళ ఫార్ములా త్రీ కారులో ఓల్టన్ పార్కులో దిగాడు. యాక్సిలరేటర్‌ను స్టీరింగ్ మీద చేతికి అందేలా మార్చారు. మొదటి రేసులోనే మూడో స్థానం. 2019 మేలో ఫ్రాన్స్‌లోని పో పట్నపు వీధుల్లో వాన పడుతుండగా రేసు. అందరికన్నా ముందే తడి టైర్లు వేయించుకుని వెనక్కి పడిపోయి, అక్కణ్నుంచి ఒక్కొక్కర్నీ దాటుకుంటూ వచ్చి గెలిచాడు. అలాంటి కారును నియమాలు ఒప్పుకునేలా, భద్రంగా, వేగంగా కట్టి ఇవ్వడం మాటలు కాదు. ఫార్నమ్ మెకానిక్‌ల చేతిపనికి నేను దండం పెడతాను.

2015లో ఫార్ములా ఫోర్ స్థాయి పోటీ, 2017లో యూరప్ ఫార్ములా త్రీ కార్లిన్ కారులో గెలిచిన లాండో నోరిస్ 2025లో ఫార్ములా వన్ ప్రపంచ విజేత అయ్యాడు. 2020 డిసెంబరులో బహ్రెయిన్‌లో ముంబై కుర్రాడు జెహాన్ దారూవాలా ఫార్ములా టూ రేసు గెలిచినప్పుడు నడిపిందీ కార్లిన్ కారే. 2023లో న్యూజిలాండ్‌కు చెందిన రోడిన్ సంస్థ పేరు చేరి అది రోడిన్ కార్లిన్ అయింది. మరుసటి ఏటికి కార్లిన్ పేరు పూర్తిగా పోయి రోడిన్ మోటార్‌స్పోర్ట్ మిగిలింది. పేరు మారినా పని ఆగలేదు. 2024లో వాళ్ళ కారులోనే ఆబీ పుల్లింగ్ బ్రాండ్స్ హాచ్‌లో బ్రిటిష్ ఫార్ములా ఫోర్ రేసు గెలిచింది. ఆ పోటీల్లో రేసు గెలిచిన తొలి అమ్మాయి ఆమె. అదే ఏడాది అమ్మాయిల కోసం నడిపే ఎఫ్1 అకాడమీ టైటిల్ కూడా ఆమెకే.

మనకు ఇవేవీ లేవా? చెన్నై నుంచి నెల్లూరు వచ్చే దారిలో షోలవరం ఉంది. అక్కడా యుద్ధకాలపు రన్‌వే ఒకటి మిగిలితే, దాని మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దశాబ్దాలపాటు రేసులు నడిపింది. కోయంబత్తూరులో కరివర్ధన్ మారుతి ఇంజనుతో చవకైన ఫార్ములా కారు కట్టి కుర్రాళ్ళ చేతికిచ్చాడు. కూపర్లు చేసిన పనే అది. 1995లో గాలిలో జరిగిన ప్రమాదం అతన్ని తీసుకుపోయింది. నరైన్ ఆ ఫార్ములా మారుతి కార్లలోంచి వచ్చినవాడే. మన హైదరాబాద్ కుర్రాడు అనిందిత్ రెడ్డి జేకే టైర్ పోటీల్లో జాతీయ విజేత అయ్యాడు. అంటే చోటూ, కారూ, కుర్రాళ్ళూ మనకూ దొరికారు. పాతికేళ్ళు ఒకే పని చేస్తూ, ఒక కుర్రాడు వెళ్ళాక ఇంకొకణ్ని తీసుకుంటూ, యూరప్ మెట్లదాకా చేర్చే టీమే మనకు కుదరలేదు. బుద్ధ్ సర్క్యూట్ కట్టడానికి ఎంతో ఖర్చయింది. మూడేళ్ళకే ఫార్ములా వన్ వెళ్ళిపోయింది. హైదరాబాద్‌లో ఫార్ములా ఈ ఒక్కసారే జరిగింది, 2024 రేసు రద్దయింది. రేసు తెచ్చుకుంటే ఒక పూట పండగ. టీము పెట్టుకుంటే తరాల పని. ఈ తేడా మన పెద్దలకు ఇంకా పట్టలేదని నా అభిప్రాయం.

ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్‌లో, క్రాన్‌ఫీల్డ్‌లో మోటార్‌స్పోర్ట్ ఇంజనీరింగ్ చదవాలని వచ్చే మన పిల్లలకు ఒక మాట. ఫార్ములా వన్ కంపెనీలకే అర్జీలు పెట్టి ఊరుకోకండి. శని, ఆదివారాలు బ్రాండ్స్ హాచ్‌కో త్రక్స్‌టన్‌కో వెళ్ళి, చిన్న టీముల గుడారాల దగ్గర నిలబడి, పని చేస్తామని అడగండి. మన ఊళ్ళో స్తోమతున్నవాళ్ళకు ఇంకో మాట. ఈ పిల్లల్లో ఎవరైనా పని నేర్చుకుని తిరిగొచ్చి టీము పెడతామంటే, ఒక షెడ్డు ఇవ్వండి. గెలుపు అడక్కుండా మొదటి ఐదేళ్ళు వాళ్ళ వెనక నిలబడండి.