యమలోకం – రెండో భాగం



హాస్యచిత్రానికి రెండో భాగం తీయడం కష్టమని సినిమావారు అంటూ ఉంటారు. కారణం ఊహించడం కష్టం కాదు. వీరకథలో తీరని పగ మిగులుతుంది, విషాదకథలో తీరని ఋణం మిగులుతుంది. వాటిని పట్టుకొని కథకుడు ముందుకు సాగుతాడు. హాస్యకథ పెళ్ళితోనో, చిక్కు విడిపోవడంతోనో ముగుస్తుంది. విడిపోయిన చిక్కును పనిగట్టుకొని మళ్ళీ ముడివేస్తే చూసేవాడికి విసుగు. అయినా మొదటిదానికి తీసిపోని రెండో భాగాలు లేకపోలేదు. హిందీలో 2003 నాటి ‘మున్నాభాయ్ ఎం.బి.బి.ఎస్.’ తరువాత 2006లో వచ్చిన ‘లగే రహో మున్నాభాయ్’ అందుకు మంచి నిదర్శనం.

మరి తెలుగులో అలాంటిది ఏది? నా సమాధానం కొందరికి వింతగా తోచవచ్చు. 1977లో వచ్చిన ‘యమగోల’కు అసలైన రెండో భాగం 1994లో వచ్చిన ‘యమలీల’. దర్శకులు వేరు, నిర్మాతలు వేరు, కథానాయకులు వేరు. గోడపత్రిక మీద ‘రెండు’ అనే అంకె కూడా లేదు. అయినా వారసత్వమంతా అక్కడే ఉందని నా వాదన. దానిని నిలబెట్టుకోవాలంటే కొంచెం వెనక్కు, పురాణాల దాకా వెళ్ళక తప్పదు.

యముడు మనకు భయంకరుడు. కానీ మన పూర్వులు ఆయనను ఎన్నిసార్లు ఇరుకున పెట్టారో గమనించారా? కఠోపనిషత్తులో నచికేతుడు వెళ్ళేసరికి యముడు ఇంట్లో లేడు. బ్రాహ్మణ బాలుడు మూడు రాత్రులు పస్తున్నాడని తెలిసి, ఆ గృహస్థు నొచ్చుకొని మూడు వరాలిచ్చాడు. ఆ కథనే మన దగ్గుపల్లి దుగ్గన నాచికేతోపాఖ్యానంగా తెనిగించాడు. భారతం ఆదిపర్వంలో మాండవ్యుడు, బాల్యంలో తెలియక చేసిన తప్పుకు ఇంత శిక్షా అని నిలదీసి, యముడంతటివాణ్ణి విదురుడుగా పుట్టమని శపించాడు. భాగవతం షష్ఠస్కంధంలో అజామిళుణ్ణి తీసుకుపోవడానికి వచ్చిన యమభటులు విష్ణుదూతల చేతిలో భంగపడి, తిరిగి వెళ్ళి తమ ప్రభువునే అడిగారు: ఈ లోకానికి శాసకులు ఎందరు స్వామీ, అని. ఒక కచేరీలో పై అధికారులు ఇద్దరైతే కింది ఉద్యోగి పడే అవస్థ ఆ ప్రశ్నలో ఉంది. ఆ స్కంధాన్ని తెనిగించినవాడు ఏర్చూరి సింగన.

వీటన్నిటికీ తలమానికం సావిత్రి కథ. అరణ్యపర్వశేషంలో ఎఱ్ఱన చెప్పిన ఆ కథలో సావిత్రి యముడితో యుద్ధం చేయదు. ఆయన మాటతోనే ఆయనను కట్టేస్తుంది. భర్త ప్రాణం తప్ప ఏదైనా అడగమన్నవాడు, బిడ్డలు కలిగేలా వరమిచ్చి, ఆ తరువాత భర్తను ఇవ్వక తప్పని స్థితికి వస్తాడు. ఇందులో హాస్యం పైకి కనపడదు గాని దాని విత్తనం అక్కడే ఉంది. యముడికి పేరే ధర్మరాజు. నియమం తప్పలేడు. నియమం తప్పలేని బలవంతుణ్ణి, నియమం తెలిసిన బలహీనుడు గెలుస్తాడు.

ఈ విత్తనం సినిమాలో మొలకెత్తిన తీరు చూడండి. 1933లో కలకత్తా ఈస్టిండియా ఫిలిం కంపెనీ వారి కోసం సి. పుల్లయ్య సావిత్రి కథను తెలుగులో తీశారు. రామతిలకం సావిత్రి, వేమూరి గగ్గయ్య యముడు. గగ్గయ్య రంగస్థలం నుంచి వచ్చిన నటుడు. పద్యం ఎత్తుకున్నాడంటే అది గర్జనే. నాటకమంటే మా ప్రాంతానికి పరాయిది కాదు. మా పొరుగున చక్రాయపేట మండలంలోని సురభి గ్రామంలోనే 1885లో ‘కీచకవధ’ ఆడి, వనారస వారి కుటుంబం సురభి నాటక సమాజాలకు అంకురార్పణ చేసింది. పౌరాణిక పాత్ర గొంతు ఎత్తగానే జనం ఒళ్ళు సర్దుకొని కూర్చోవడం ఇక్కడ తరతరాల అలవాటు.

అదే పుల్లయ్య 27 ఏళ్ళ తరువాత, 1960లో ‘దేవాంతకుడు’ తీశారు. దాని మూలం 1958 నాటి బెంగాలీ చిత్రం ‘జమాలయే జీబంత మానుష్’. యమాలయంలో బతికున్న మనిషి అని ఆ పేరుకు అర్థం. ఎన్.టి. రామారావు కథానాయకుడు, ఎస్.వి. రంగారావు యముడు. ఏ చేయి తెలుగు తెరమీద యముణ్ణి భయంకరుణ్ణి చేసిందో ఆ చేయే ఆయనను నవ్వుల పాలు చేసింది! ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. యముడు విదూషకుడు కాలేదు. కిరీటం, గద, గంభీర వాక్కు అన్నీ యథాతథం. మారింది ఎదురుగా నిలిచిన మనిషి మాత్రమే.

1977లో తాతినేని రామారావు దర్శకత్వంలో ‘యమగోల’ వచ్చింది. మాటలు డి.వి. నరసరాజు. మళ్ళీ ఎన్.టి. రామారావే నాయకుడు. యముడు కైకాల సత్యనారాయణ, చిత్రగుప్తుడు అల్లు రామలింగయ్య. యమభటులకు హక్కులు బోధించి, సంఘం పెట్టించి, నరకాన్ని అల్లకల్లోలం చేసే మానవుడి కథ. 1975 జూన్ నుంచి 1977 మార్చి దాకా దేశంలో అత్యవసర పరిస్థితి నడిచింది. ఆ ఏడాదే, అక్టోబరులో ఈ సినిమా విడుదలైంది. అధికారాన్ని ఎదిరించి ప్రశ్నించడం చూసి జనం అంతగా నవ్వారంటే కాలం కూడా కలిసివచ్చిందనే నేననుకుంటాను.

మా పల్లెలకు మరో కారణం కూడా ఉంది. చిత్రగుప్తుడి చిట్టా అంటే మావాళ్ళకు కరణంగారి అడంగలే. అందులో ఏం రాసి ఉంటే అదే నిజం. నీ చేనిలో నువ్వు వేసింది శనగ అయినా, అక్కడ బీడు అని ఉంటే అది బీడే. వాన లేని ఏడు రెమిషను రావాలన్నా ఆ రాతే దిక్కు. అలాంటి చిట్టాను ఒక మామూలు మనిషి లాక్కొని, ఇది తప్పు అని చూపిస్తే ఆ నవ్వులో కసి ఎంత ఉంటుందో వేరే చెప్పాలా? తెరమీద చిత్రగుప్తుడితో తగాదా పడిన ఆ రామారావే 1983లో ముఖ్యమంత్రి అయి, 1984లో కరణం, మునసబు పదవులను రద్దు చేయడం చరిత్ర చేసిన చమత్కారం.

1988లో రవిరాజా పినిశెట్టి ‘యముడికి మొగుడు’ తీశారు. చిరంజీవి నాయకుడు. ఆయువు తీరకుండానే యమలోకం చేరిన కాళి అనేవాడికి మరొకరి శరీరం ఇచ్చి పంపవలసి వస్తుంది. మళ్ళీ చిట్టా తప్పే. యముడు మళ్ళీ సత్యనారాయణే, చిత్రగుప్తుడు మళ్ళీ అల్లువారే. మంచి వినోదమే గాని, భూలోకం చేరాక యముడికి పని తగ్గి, కథ నాయకుడి ద్విపాత్రాభినయం వైపు మళ్ళిందని నా అభిప్రాయం.

ఇక 1994. ఎస్.వి. కృష్ణారెడ్డి దర్శకుడు, అచ్చిరెడ్డి నిర్మాత. కథానాయకుడు ఆలీ. రామారావు, చిరంజీవి నిలిచిన చోట ఒక హాస్యనటుణ్ణి నిలబెట్టడమే ఒక సాహసం. చిత్రగుప్తుడి చేయి జారి భవిష్యవాణి గ్రంథం భూలోకంలో పడుతుంది. అది దొరికేదాకా యముడికీ చిత్రగుప్తుడికీ శక్తులు ఉండవు. ‘యమగోల’లో మనిషి యమలోకానికి వెళ్ళి గోల చేశాడు. ఇక్కడ యముడే మన వీధిలోకి వచ్చి దారి తెలియక తిరుగుతాడు. పాత్రలు అవే, ధర్మం అదే, దిశ తిరగబడింది. రెండో భాగం చేయవలసిన పని ఇదే కదా! మొదటిదానిని మరచిపోకూడదు, మళ్ళీ చెప్పనూ కూడదు.

అంతకంటె ముఖ్యమైనది మరొకటి. ఆ గ్రంథంలో తల్లి ఆయువు తీరబోతోందని చదివిన కొడుకు ఆమె కోసం ఆరాటపడతాడు. భర్త కోసం యముడి వెంట నడిచిన సావిత్రి స్థానంలో తల్లి కోసం తపించే ఒక ఆకతాయి కొడుకు నిలిచాడు. పకపక నవ్వుతున్న జనం ఆ ఘట్టం రాగానే నిశ్శబ్దమైపోవడం నేను హాలులో కూర్చొని విన్నాను. నిశ్శబ్దం కూడా వినబడుతుందని అప్పుడు తెలిసింది. 1933 నాటి కథ వేరు తెగలేదు.

తెలుగు పండితుడిగా ఉద్యోగం చేసినవాణ్ణి గనుక భాష సంగతి చెప్పకుండా ఉండలేను. ఈ చిత్రాలన్నిటిలో యముడు మాట్లాడేది గ్రాంథికం. ఎదుటివాడు మాట్లాడేది వీధి తెలుగు. నవ్వు పుట్టేది ఈ రెండింటి రాపిడిలో. మన పద్యాల భాషను ఎగతాళి చేశారని తోటి పండితులు కొందరు చిన్నబుచ్చుకున్నారు. నాకు అలా తోచలేదు. సత్యనారాయణ ఆ వాక్యాలను వెక్కిరింపుగా పలకలేదు. దుర్యోధనుడి సంభాషణ పలికినంత నిండుగా, క్రియాపదం చివరి అక్షరం దాకా స్పష్టంగా పలికారు. ‘యమలీల’ వచ్చిన ఏడు మా పిల్లలు మధ్యాహ్నం బెల్లు కొట్టగానే ఒకరినొకరు ‘ఓరీ మానవా’ అని పిలుచుకుంటూ పరుగెత్తేవారు. ఐస్‌క్రీమును ‘హిమక్రీము’ అనేవారు. ‘వచ్చెదను, పోయెదను’ అనే రూపాలు వ్యాకరణ పాఠంలో చెబితే ఆవులించేవాళ్ళు, యముడి గొంతుతో చెప్పమంటే తప్పు లేకుండా చెప్పేవారు. భారత పద్యం చెప్పే ముందు నేను ఆ గొంతునే అరువు తెచ్చుకున్న రోజులున్నాయి. పాఠ్యపుస్తకం బయట గ్రాంథికం వినబడే చోట్లు ఒక్కొక్కటే మూతపడుతున్న కాలంలో, ఒక హాస్యచిత్రం దానిని పిల్లల నాలుక మీద పెట్టింది. దానికి నేను కృతజ్ఞుణ్ణి.

పేరు పెట్టుకొని వచ్చిన వారసుల సంగతీ చూద్దాం. 2007లో శ్రీకాంత్, వేణు నటించిన ‘యమగోల మళ్ళీ మొదలైంది’ వచ్చింది. 2014లో కృష్ణారెడ్డిగారే ‘యమలీల 2’ తీశారు. రెండూ పేరుతో వచ్చాయి గాని మొదటివాటి పక్కన నిలబడలేకపోయాయి. 2007లోనే రాజమౌళి ‘యమదొంగ’ ఏ పేరూ అరువు తెచ్చుకోకుండా వచ్చి నిలిచింది. మోహన్‌బాబు యముడుగా గంభీర వాక్కు వదలలేదు. తాత నటించిన ‘యమగోల’ పాటనొకదాన్ని మనవడు మళ్ళీ ఆడిపాడాడు.

అంకె వేసుకొని వచ్చినవన్నీ వట్టిపోయాయని నేననను. 2022 నాటి ‘డీజే టిల్లు’ తరువాత 2024లో వచ్చిన ‘టిల్లు స్క్వేర్’ జనాన్ని మొదటిదానికి తగ్గకుండా నవ్వించింది. అక్కడా నాకు కనపడిన కారణం ఇదే. టిల్లు మారలేదు, వాడు చిక్కుకున్న వల మారింది.

హాస్యానికి రెండో భాగం కథలో ఉండదు, పాత్ర స్వభావంలో ఉంటుంది. స్వభావం చెక్కుచెదరకుండా ఉండి, దానికి ఎదురు నిలిచే లోకం మారాలి. యముడు గంభీరంగా ఉన్నంతకాలం మనం నవ్వుతాం. తానే నవ్వించాలని ఆయన ప్రయత్నించిన రోజున మనకు నవ్వు రాదు, పైగా భయమూ పోతుంది.

2022 డిసెంబరు 23న కైకాల సత్యనారాయణ కన్నుమూశారు. ఇంతమందిని ఆ పాశం చూపి నవ్వించిన మనిషిని తీసుకుపోవడానికి వచ్చినవాడికి, ఆ గద్దె ముందు నిలబడి మాట్లాడడానికి కొంచెం బెరుకు కలిగే ఉంటుంది.

మీ దృష్టిలో యమగోలకు అసలు వారసుడు ఎవరో వ్యాఖ్యలలో తెలుపగలరు. సెలవు.