పేరులో అక్షరాలు తగ్గిస్తే పాట మారుతుందా?

ఈ మధ్య ఖరగ్‌పూర్ వెళ్ళాను. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విశాఖ వైపుల నుంచి పనికోసం వెళ్ళి అక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. మా మేనల్లుడు ముగ్గురు స్నేహితులతో కలిసి బ్యాండు నడుపుతున్నాడు. కొత్త గిటార్ కోసం దాచిన డబ్బు పట్టుకెళ్ళి మా చెల్లెలు ఒక సంఖ్యాశాస్త్రం ఆయన చేతిలో పోసింది. బ్యాండు పేరు మార్చాలట. ముహూర్తం వచ్చేదాకా కుర్రాళ్ళు ప్రాక్టీసు కూడా ఆపేశారు!

అదేమిట్రా అంటే వాడు నాకే ఎదురు ఉదాహరణ చెప్పాడు. "ఆర్ఎక్స్ బ్యాండిట్స్ పేరు మార్చుకున్నాకే కదా మావయ్యా, స్కా వదిలేసి ప్రోగ్రెసివ్ రాక్‌లోకి వెళ్ళింది?"

సరే, చరిత్ర చూద్దాం అన్నాను.

స్కా 1950ల చివర్లో జమైకాలో పుట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెడితే గిటార్ దెబ్బ అంకె మీద కాక అంకెల మధ్యలో పడుతుంది. ట్రంపెట్, ట్రాంబోన్ లాంటి ఊదే వాద్యాలు దాని ప్రాణం. 1990లలో అమెరికాలో దానికి మళ్ళీ గిరాకీ వచ్చింది. ఆ ఊపులోనే కాలిఫోర్నియాలో ఈ బ్యాండు మొదలైంది. అప్పటి పేరు ఫార్మస్యూటికల్ బ్యాండిట్స్, అంటే మందుల బందిపోట్లు. ఆర్ఎక్స్ అన్నది డాక్టరు మందులచీటీ మీద వేసే గుర్తు. అంటే అర్థం మారలేదు, అక్షరాలే తగ్గాయి.

ఇప్పుడు తేదీలు చూడండి. 1997 ఆల్బం పాత పేరుతో వచ్చింది. 1999 ఆల్బం కొత్త పేరుతో వచ్చింది, కానీ అదీ స్కా పంకే! 2001లో వచ్చిన 'ప్రోగ్రెస్'లో రాక్ పాలు పెరిగింది. 2003 నాటి 'ది రెసిగ్నేషన్'లో పాటల నడక చిక్కబడింది. 2006 ఆల్బం సొంత లేబుల్ మీద వచ్చింది. 2009లో 'మండల' వచ్చేసరికి ఊదే వాద్యాల బృందమే లేదు. పేరు మారాక పదేళ్ళు పట్టిందన్నమాట. ఈ పదేళ్ళలో మనుషులు మారారు, వాయించేవాళ్ళ చేయి తిరిగింది, వాళ్ళు వినే సంగీతం పెరిగింది. ఇంత జరిగితే ఘనత అక్షరాలకా?

ఇంకో ప్రశ్న. జెనెసిస్ అనే బ్రిటిష్ బ్యాండు 1970లలో ప్రోగ్రెసివ్ రాక్ వాయించి 1980లలో పాప్‌లోకి వచ్చింది. పేరులో ఒక్క అక్షరం మార్చలేదే! పేరు మార్చుకుని కూడా ఎవరికీ తెలియకుండా పోయిన బ్యాండ్ల లెక్క ఆ సంఖ్యాశాస్త్రం ఆయన దగ్గర ఉందా? ఉండదు. కలిసొచ్చినవి మాత్రమే ఏరుకుంటే ఏ శాస్త్రమైనా నిజమే అనిపిస్తుంది. 'దీని తరువాత జరిగింది కాబట్టి దీనివల్లే జరిగింది' అనుకోవడమే అన్ని మూఢనమ్మకాలకూ పునాది.

మేనల్లుడు కాసేపు మాట్లాడలేదు. చివరికి వాడికి వాళ్ళ ఊరి సంగతే గుర్తుచేశాను. 1072 మీటర్ల ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం ప్రపంచంలోకెల్లా పొడవైనదని మేం బళ్ళో గర్వంగా చదువుకున్నాం. 2013లో గోరఖ్‌పూర్ దాన్ని దాటేసింది. 2023లో 1507 మీటర్లతో హుబ్బళ్ళి ఇద్దర్నీ దాటేసింది. స్టేషన్ పేరులో ఇంకో అక్షరం కలిపితే మన ప్లాట్‌ఫారం పొడుగు పెరుగుతుందంటావా?

వాడు నవ్వి పాత గిటార్ దించాడు. డబ్బు మాత్రం తిరిగి రాలేదు. మా చెల్లెలు నాతో ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు.