బాయిలో బెల్లు, విమానంలో ఫోను

శంషాబాదు విమానాశ్రయంలో సెక్యూరిటీ వరస దగ్గరికి రాగానే మా కాలనీ పెద్దాయన ఎవరూ అడగకముందే జేబులు దులిపి, రెండు చేతులూ చాపి నిలబడ్డాడట. కొత్తగూడెంలో ముప్పై ఏళ్లకు పైగా బాయి దిగిన మనిషి. గని మొగదల తనిఖీ ఒంట్లో ఇంకిపోయింది. బీడీ కట్ట, అగ్గిపెట్టె, చివరి ఏళ్లలో సెల్‌ఫోను, ఏదైనా సరే పైనే వదిలి దిగాలి. ఇక్కడ మాత్రం ట్రేలోంచి ఫోను తీసి మళ్లీ చేతిలో పెట్టారు. లోపలికెళ్లాక ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలని కొడుకు చెప్పాడు. పెద్దాయన ఆగిపోయాడు.

“లోపలికి రానిచ్చి నోరు ముయ్యమంటరా? ప్రమాదమైతే బయటనే పెట్టియ్యాలె గద!”

కొడుకు దగ్గర జవాబు లేదు. పెద్దాయన అడిగినదానికి జవాబు చెప్పాలంటే ముందు బొగ్గుబాయి కథ చెప్పాలి, తర్వాత విమానం కథ.

విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టింది 1871లో. 1886లో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం మొదలుపెట్టింది. 1920 డిసెంబర్ 23 నుంచి అది సింగరేణి కాలరీస్ అయింది. బొగ్గు పొరల్లో మీథేన్ ఉంటుంది, కార్మికుల మాటలో గ్యాసు. గాలిలో అది 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే చిన్న నిప్పురవ్వ చాలు. ఆ రవ్వ అగ్గిపుల్లదే కానక్కర్లేదని ప్రపంచానికి నేర్పింది ఒక బెల్లు.

1913 అక్టోబర్ 14న వేల్స్‌లోని సెంగెనిడ్ గని పేలి 439 మంది కార్మికులు చనిపోయారు. వాళ్లను వెతకబోయిన మరొకరూ పోయారు. బ్రిటన్ గనుల చరిత్రలో అంత పెద్ద ప్రమాదం ఇంకోటి లేదు. అనుమానం పడిన వాటిలో ఒకటి సిగ్నల్ బెల్లు. బొగ్గు టబ్బులు లాగే దారి వెంట తొడుగు లేని రెండు తీగలు వేలాడేవి. కార్మికుడు వాటిని ఒకదానికొకటి తాకిస్తే దూరాన ఇంజన్ గదిలో గంట మోగేది. టబ్బులు ఆపాలన్నా కదిలించాలన్నా అదే కబురు. చిన్న బ్యాటరీ, తక్కువ వోల్టేజీ. అంత బలహీనమైన తీగలతో ప్రమాదమేమిటని అప్పటిదాకా చాలామంది అనుకున్నారు. తీగలు విడిపోయేటప్పుడు లేచే రవ్వకు గ్యాసును అంటించే సత్తువ ఉండొచ్చని తర్వాతి ప్రయోగాలు తేల్చాయి. తీగ తెగినా, రెండు తీగలు కలిసినా గ్యాసును అంటించేంత శక్తి రవ్వకు రాకుండా సర్క్యూటునే కట్టాలన్న ఆలోచన అక్కడ పుట్టింది. ఇవాళ గనిలోనూ టెలిఫోను ఉంటుంది. కాకపోతే పుట్టుకతోనే అలా కట్టిన ఫోను. మన జేబులోది ఆ పరీక్ష రాసింది కాదు.

ఓపెన్‌కాస్టు గనిలో భయం ఇంకో రకం. పేలుడుకు పెట్టిన ఎలక్ట్రిక్ డిటొనేటర్ తీగలు ఏరియల్‌లా పనిచేసి దగ్గర్లోని ట్రాన్స్‌మిటర్ తరంగాన్ని పట్టుకోగలవు. అందుకే బ్లాస్టింగ్ జరిగే చోట వాకీటాకీలు, ఫోన్లు దూరం.

విమానంలో ఈ రెండు భయాలూ లేవు. అక్కడి భయం చెవిది. పైలట్ యంత్రాలు నేల మీది కేంద్రాల నుంచి వచ్చే సన్నని సంకేతాన్ని వింటూ దారి చూసుకుంటాయి. ఆ చెవి పక్కన మనం గుసగుసలాడకూడదు. మొదట గుసగుసలాడి పట్టుబడింది సెల్‌ఫోను కూడా కాదు, పాపం, ఎఫ్‌ఎం రేడియో.

వినడానికే పుట్టిన పెట్టె అది, మాట్లాడటమేమిటి? కొత్తగూడెం లెక్కతోనే చూద్దాం. మన ఆకాశవాణి 100.1 మెగాహెర్ట్‌జ్ మీద వస్తుంది. దాన్ని పట్టాలంటే మామూలు రేడియో తన లోపల మరో తరంగాన్ని, సాధారణంగా 10.7 మెగాహెర్ట్‌జ్ ఎక్కువలో, పుట్టించుకోవాలి. కలిపితే 110.8. విమానాలకు దిక్కు చెప్పే వీఓఆర్ కేంద్రాలు పనిచేసేది 108 నుంచి 118 మధ్య. రేడియో డబ్బాలోంచి కారిన ఆ కాస్త తరంగం సరిగ్గా పైలట్ వినే చోటికే వెళుతుంది. కిటికీ పక్కన కూర్చుని పాటలు వినే ప్రయాణికుడికి ఆ సంగతి తెలిసే వీలే లేదు. ట్రాన్సిస్టర్లు చేతికందే రోజుల్లో అమెరికన్లు ఇది గమనించి 1961లో నియమం పెట్టారు. తర్వాత మినహాయింపులు వచ్చాయి: వినికిడి యంత్రం, గుండెకు పెట్టే పేస్‌మేకర్, మాటలు రికార్డు చేసే పెట్టె, కరెంటు షేవరు. మేఘాల మీద గడ్డం గీసుకునే హక్కును ఎవరు అంత గట్టిగా అడిగి సాధించారో గాని, వాళ్లకో దండం.

సెల్‌ఫోను వచ్చాక గొడవ రెండు పాయలైంది. నేల మీద ఫోను దగ్గరి కొద్ది టవర్లకే కనిపిస్తుంది. ఆకాశంలోంచి ఒకేసారి పదుల టవర్లకు కనిపించి నెట్‌వర్కును గందరగోళం చేస్తుంది. 1991లో అమెరికా టెలికాం సంస్థ గాల్లో సెల్‌ఫోను నిషేధించింది ప్రధానంగా ఈ కారణంతోనే. ప్రయాణికులు మాత్రం అది విమానం కూలుతుందన్న భయంతోనే పెట్టారని నమ్మారు, ఇప్పటికీ నమ్ముతున్నారు.

రెండో పాయ కాక్‌పిట్‌ది. పాత నోకియా వాడినవాళ్లకు గుర్తుండాలి: కాల్ వచ్చే ముందు పక్కనున్న టీవీ, రేడియో ‘గిర్ర్ గిర్ర్’ మనేవి. జీఎస్‌ఎం ఫోను సెకనుకు 217 సార్లు తుంపులు తుంపులుగా తరంగం వదలడం వల్ల వచ్చే రొద అది. టవరు దూరమైతే ఫోను ఇంకా గట్టిగా అరుస్తుంది, 2 వాట్ల దాకా. అదే రొద పైలట్ హెడ్‌సెట్‌లోకీ రాగలదు. ఫోను వల్లే విమానం కూలిందని తేలిన కేసు చూపమంటే మాత్రం కష్టం. దగ్గరికొచ్చేది 2003 జూన్‌లో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ దగ్గర ఒక చిన్న విమానం దిగబోతూ కూలి 8 మంది చనిపోయిన ఘటన. ఆఖరి నిమిషాల్లో పైలట్ సొంత ఫోనే కాల్‌లో ఉంది. దానివల్ల దిగే దారి చూపే సూచిక తప్పు చూపి ఉండవచ్చని దర్యాప్తు నివేదిక రాసింది. ఉండవచ్చు అంతే, అంతకంటే ముందుకు వెళ్లలేదు.

నిషేధం సడలింది ధైర్యం పెరిగి కాదు, కొలతలు తీసి. విమానాల తీగలకు, పెట్టెలకు రక్షణ కవచాలు మెరుగయ్యాయి. బయటి తరంగాన్ని ఎంతవరకు తట్టుకుంటాయో పరీక్షించారు. 2008 మార్చి 20న ఎమిరేట్స్ విమానంలో అధికారికంగా అనుమతించిన తొలి మొబైల్ కాల్ వెళ్లింది. విమానంలోనే బుల్లి టవరు పెడితే ఫోను అరవాల్సిన పని లేదు, గొణిగితే చాలు. మూడు రోజులకు, మార్చి 23న, శంషాబాదులో విమానాలు దిగడం మొదలైంది. అమెరికా 2013 అక్టోబర్‌లో, మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2014 ఏప్రిల్‌లో ప్రయాణమంతా ఫ్లైట్ మోడ్‌లో ఫోను వాడుకోనిచ్చాయి. 2018లో ఆకాశంలో ఇంటర్నెట్‌కు నియమాలు, 2020లో పైలట్ అనుమతితో వైఫై. గని ఫోనుకు జరిగినట్టే ఇక్కడా యంత్రాన్ని గట్టిపరిచారు. తేడా ఒక్కటే. గనిలో గట్టిపడింది ఫోను, విమానంలో విమానమే.

కొత్తగూడేనికి విమానాశ్రయం ఇంకా రాలేదు. రాష్ట్రం అడిగిన ఆరు చోట్లలో బసంత్‌నగర్, మామునూరు, ఆదిలాబాద్, జక్రాన్‌పల్లి, దేవరకద్రలతో పాటు మన పేరూ ఉంది. వస్తే రన్‌వేతో పాటు టవర్ల గొడవా వస్తుంది. విమానం నేలకెంత ఎత్తులో ఉందో చెప్పే రేడియో ఆల్టీమీటర్ 4.2 నుంచి 4.4 గిగాహెర్ట్‌జ్ మధ్య పనిచేస్తుంది. దానికి దగ్గరి బ్యాండులో 5జీ మొదలవుతోందన్న భయంతో 2022 జనవరిలో ఎయిర్ ఇండియా కొన్ని అమెరికా సర్వీసులు రద్దు చేసింది. ఆ ఏడాది నవంబర్‌లో మన టెలికాం శాఖ రన్‌వే కొసల నుంచి 2.1 కిలోమీటర్ల వరకు ఆ తరహా టవర్లు పెట్టొద్దంది.

తరంగాల భయం ఇలా కొలతల్లోకి వచ్చేసరికి బాయి భయమే విమానం ఎక్కింది, నిప్పు. లిథియం బ్యాటరీ ఒకసారి రాజుకుంటే తనను తానే కాల్చుకుంటూ పోతుంది. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని గిమ్హే విమానాశ్రయంలో నిలిచి ఉన్న ఎయిర్ బుసాన్ విమానం కాలిపోయింది. అందరూ బయటపడ్డారు. పవర్‌బ్యాంకే కారణమై ఉండొచ్చని దర్యాప్తు అధికారులు చెప్పారు. ఇలా రాజుకునే గుణం వల్లే పవర్‌బ్యాంకును కింద సామాన్ల అరలో వేయనివ్వరు. అంటుకుంటే చూసేవాడు, ఆర్పేవాడు దగ్గర ఉండాలి. 100 వాట్ అవర్లు, అంటే సుమారు 27,000 ఎంఏహెచ్ వరకు చేతిసంచిలో పెట్టుకోవచ్చు.

మా పెద్దాయన సూట్‌కేసులోనూ ఒకటి బయటపడింది. కౌంటరు దగ్గరి అమ్మాయి దాన్ని తీయించి, పక్కనే పెట్టుకొమ్మని, వేడెక్కితే వెంటనే చెప్పమని చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. గని లాంప్ రూంలో టోపీకి పెట్టుకునే క్యాప్‌లాంప్ తీసుకుని, దాని బ్యాటరీ బెల్టుకు బిగించి షిఫ్టు షిఫ్టంతా తిరిగిన నడుము అది.

“బిడ్డా,” అన్నాడట, “బ్యాటరీ నడుముకు కట్టుకొని ముప్పై ఏండ్లు నడిచినోణ్ణి. ఇది ఎంత?”