తూటా లేని వేట

పక్షుల్నీ జంతువుల్నీ సరదాకి ఫొటో తీసే అలవాటు ఇంగ్లండులో 19వ శతాబ్దం చివరి పదేళ్లలో ఊపందుకుంది. అంతకుముందు అక్కడ ప్రకృతి మీద ఆసక్తి ఉన్నవాడి చేతిలో తుపాకీ, ఇంట్లో గుడ్ల పెట్టె ఉండేవి. కొట్టిన పిట్ట తోలులో గడ్డి కూరి గాజు బీరువాలో నిలబెట్టేవారు. బడిపిల్లలు గూళ్లలోంచి గుడ్లు తీసి, చిల్లు పొడిచి, లోపలి సొన ఊదేసి, పెంకులు దాచుకునేవారు. చాలా అడవి పక్షుల గుడ్లు తీయడాన్ని నిషేధిస్తూ బ్రిటన్‌లో చట్టం వచ్చింది 1954లో. కెమెరా అంతకు అరవై ఏళ్ల ముందే ఆ సరదాకు పోటీ వచ్చింది.

అప్పటి కెమెరా కదిలే ప్రాణికి అంతగా పనికొచ్చేది కాదు. బరువైన చెక్కపెట్టె, దానికో స్టాండు, ఒక్కో ఫొటోకి ఒక్కో గాజుపలక. అన్నీ సర్దుకునేలోపు పిట్ట తుర్రుమనేది. అందుకే కదలని దాన్నే ముందు పట్టుకున్నారు. యార్క్‌షైర్‌లోని థ్వైట్ అనే పల్లెలో పుట్టిన రిచర్డ్, చెర్రీ కియర్టన్ అన్నదమ్ములు లండన్‌లో ఒక ప్రచురణ సంస్థలో ఉద్యోగులు. తీరిక దొరికితే పొలాల వెంట తిరిగేవారు. 1892లో ఒక థ్రష్ పిట్ట గూటిని గుడ్లతో సహా ఫొటో తీశారు. 1895లో వచ్చిన వారి ‘బ్రిటిష్ బర్డ్స్ నెస్ట్స్’ పుస్తకంలోని బొమ్మలు ఆరుబయట తీసిన ఫొటోలే. రిచర్డ్‌కి చిన్నప్పుడే కాలు దెబ్బతింది. రాసే పని అతనిది, కెమెరా పని తమ్ముడిది. గూడు ఎత్తులో ఉంటే చెర్రీ అన్న భుజాలెక్కి నిలబడి, కాళ్లు పొడుగు చేసిన స్టాండు మీది కెమెరాలోకి చూసేవాడు. గూటి దగ్గర అంత హడావిడి చేయడాన్ని ఇప్పటి పక్షిప్రేమికులు ఒప్పుకోరు. కొమ్మలు పక్కకు తప్పిస్తే కాకులకు దారి చూపినట్టే.

గూడు చాలింది, ఇక పిట్ట కావాలి. దానికి మనిషి కనబడకూడదు. కియర్టన్‌లు ఉత్తుత్తి చెట్టుమోడు చేసి అందులో నక్కారు. ఆ తర్వాత ఎద్దు తోలు కప్పిన బోలు బొమ్మను చేయించారు. మనిషి దాని కడుపులో వంగి కూర్చోవాలి, చిల్లులోంచి లెన్సు బయటికి చూడాలి. ఆ ఎద్దు ఒకసారి వెల్లకిలా పడితే, లోపలి మనిషిని బయటికి తీయకముందే చెర్రీ దాన్ని ఫొటో తీశాడట. ఎద్దు నిలవలేదు కానీ, దాక్కునే పద్ధతి నిలిచింది. నేటి ఫొటోగ్రాఫర్లు నక్కే గుడారం దాని వారసురాలే.

చీకట్లో తిరిగే జంతువుకి చాటు సరిపోదు. అమెరికాలో లాయరు జార్జ్ షిరాస్ పడవలో దీపం పెట్టుకుని, మెరుపుపొడి వెలిగించి రాత్రిపూట జింకల్ని తీశాడు. 1906 జులైలో ‘నేషనల్ జియోగ్రాఫిక్’ అతని ఫొటోలు 74 అచ్చువేసింది. జంతువే తీగను తాకి తన ఫొటో తానే తీసుకునే ఏర్పాటునూ అతను వాడాడు. మన దేశంలో ఆ తీగను పులిబాటకు అడ్డంగా కట్టినవాడు ఎఫ్.డబ్ల్యు. ఛాంపియన్. నాటి యునైటెడ్ ప్రావిన్సెస్‌లో అటవీ అధికారి, వేట మీద విరక్తి కలిగినవాడు. పులి కాలు తగలగానే మెరుపు మెరిసి ఫొటో పడేది. 1927లో ‘విత్ ఎ కెమెరా ఇన్ టైగర్‌ల్యాండ్’ వెలువడింది. ఏ రెండు పులుల చారలూ ఒకలా ఉండవని, ఫొటోలు పక్కపక్కన పెడితే పులిని ఆనవాలు పట్టవచ్చని గ్రహించినవాడూ అతనే.

స్వాతంత్ర్యం తర్వాత అస్సాం తేయాకు తోటల ఇ.పి. జీ, మద్రాసు ఎం. కృష్ణన్ ఈ దారిన నడిచారు. కృష్ణన్ నలుపు తెలుపు ఫొటోలే తీశాడు. రకరకాల భాగాలు అతికించుకున్న తన కెమెరాకు ‘సూపర్ పాండెరోసా’ అని పేరు పెట్టుకున్నాడు. 1950 నుంచి 1996లో చనిపోయేదాకా ‘స్టేట్స్‌మన్’లో రాసిన శీర్షికలో ఏనుగులతో పాటు పెరటి కాకులకూ ఉడతలకూ చోటిచ్చాడు.

డిజిటల్ వచ్చాక రీలు ఖర్చు పోయింది, సరదా అందరిదీ అయింది. ఛాంపియన్ పద్ధతి మాత్రం సర్కారు పనిగా మారింది. నాగార్జునసాగర్–శ్రీశైలం, అమ్రాబాద్ అడవుల్లో పులుల్ని ఇవాళ చెట్లకు కట్టిన కెమెరాలు తీసిన చారల ఫొటోలతోనే లెక్కిస్తున్నారు.