క్యాండిడేట్

అభ్యర్థి అనే అర్థంలో 17వ శతాబ్ది తొలినాళ్ల నుంచి ఇంగ్లిష్‌లో వాడుకలో ఉన్న మాట. మూలం లాటిన్ ‘కాండిడాటుస్’, అంటే తెల్లబట్టలు కట్టినవాడు. ప్రాచీన రోములో పదవి కోరేవారు సుద్దతో మెరుగుపెట్టిన తెల్లని టోగా చుట్టుకుని, ఎదురైనవారి చేయి పట్టుకుని మరీ ఓట్లు అడిగేవారు. ఈ ఆడంబరాన్ని నిషేధిస్తూ క్రీ.పూ. 432లో చట్టం చేశారని చరిత్రకారుడు లివీ రాశాడు. ఆచారం మాత్రం ఆగలేదు.

‘కాండిడాటుస్’కు ఆధారం ‘కాండేరె’, అంటే మెరవడం. క్యాండిల్ కూడా అక్కడి నుంచే వచ్చింది. ఇంకా వెనక్కి వెళితే, వెలుగును సూచించే ఇండో-యూరోపియన్ ధాతువు ‘స్కంద్’ లేదా ‘కంద్’ కనిపిస్తుంది. సంస్కృత ‘చంద్ర’ శబ్దమూ దాని సంతతే. ధాతువు మొదటి సకారపు జాడ వేదభాషలోని ‘శ్చంద్ర’ రూపంలో మిగిలింది. మనం పలికే హరిశ్చంద్రుడి పేరు నడుమ ఉన్న శకారం అదే.